ఒకే డబ్బా, నాలుగు ఒళ్లు: అశ్వగంధతో ఇంటి రంది తీరుతుందా?

వరంగల్ దిక్కు మనసు బాగాలేకపోవడానికి ఒక్క మాట సరిపోదు. అప్పు గురించో, పంట గురించో లోలోపల తొలిచేది రంది. అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె జారిపోయేది బుగులు. దూరాన ఉన్నవాళ్లనో, పోయినవాళ్లనో తలుచుకొని తిండి తగ్గించేసేది మనాది. ఇంటర్ చదివే పిల్లలు మూడింటినీ కలిపి టెన్షన్ అనేస్తారు. మెడికల్ షాపు అద్దాల వెనక వరుసగా పేర్చిన డబ్బాల మీద మాత్రం వీటన్నిటికీ ఒకటే పేరు ఉంటుంది: ఒత్తిడి. పేరు ఒకటే కాబట్టి మందూ ఒకటే అనిపిస్తుంది. ఇంటికి తెచ్చిన డబ్బా వంటింటి అలమరలో పసుపు, జీలకర్ర పక్కన చేరుతుంది. అక్కడ చేరిన ఏ వస్తువైనా ఇంటిల్లిపాదిదీ అయిపోతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ అలమర గురించే.

కరోనా తర్వాత ఇలాంటి మూలికలకు గిరాకీ బాగా పెరిగింది. అశ్వగంధ, తులసి, తిప్పతీగ, బ్రాహ్మి, శతావరి అన్నిటినీ కలిపి ఇప్పుడు అడాప్టోజెన్లు అంటున్నారు. ఈ మాట ఆయుర్వేదంలోది కాదు. సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ లాజరేవ్ 1947లో దీన్ని వాడుకలోకి తెచ్చాడు. ఆయన తర్వాత ఇజ్రాయెల్ బ్రెఖ్‌మన్ సైబీరియా ప్రాంతపు మొక్కల మీద, ముఖ్యంగా ఎల్యూథెరోకాకస్ అనే ముళ్ల పొద మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. అలసటకు, చలికి, శ్రమకు మనిషి ఒళ్లు తట్టుకునేలా చేసే పదార్థం కోసం సాగిన వెతుకులాట అది. అడాప్టోజెన్ అనిపించుకోవాలంటే మూడు లక్షణాలు ఉండాలన్నారు. ఒక్క రోగానికని కాకుండా ఏ ఒత్తిడికైనా ఒంటికి ఓర్పునివ్వాలి. పెరిగినదాన్ని దించాలి, తగ్గినదాన్ని లేపాలి. మామూలు మోతాదులో హాని చేయకూడదు. వినడానికి బాగానే ఉంది కానీ, ఏ రోగానికీ ప్రత్యేకం కాని మందును పరీక్షించడం ఎలా అన్న చిక్కు అప్పటి నుంచీ ఉంది. ఈ భావన వైద్య పరిభాషలో ఇంకా స్థిరపడలేదని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2008లో తేల్చి చెప్పింది. డబ్బా మీద అచ్చేసిన ఆ పదానికి చట్టపరంగా బరువేమీ లేదన్నమాట.

మన దగ్గర ఇదే ఆలోచనకు పాత పేరు రసాయనం. చరకుడు బుద్ధికి, మనసుకు మేలు చేసే మేధ్య రసాయనాలు నాలుగని చెప్పాడు: మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. మండూకపర్ణి అంటే మన సరస్వతి ఆకే. ఈ నాలుగింటిలో అశ్వగంధ లేదు. ఆయుర్వేదం దాన్ని బలానికి, నిద్రకు, క్షీణించిన ఒంటికి వాడింది. ఇప్పుడు మార్కెట్లో మనసు మందు అంటే ముందు దాని పేరే వస్తోంది.

తెలుగులో దాని పేరు పెన్నేరు గడ్డ. వంకాయ, టమాట, మిరప ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలకొద్దీ వచ్చే మిర్చికి ఇది దూరపు చుట్టమని చెప్పుకోవచ్చు. పచ్చి వేరును నలిపితే గుర్రపు కొట్టం వాసన వస్తుంది, సంస్కృతంలో ఆ పేరు అందుకే. శాస్త్రీయ నామంలోని సోమ్నిఫెరా అనే లాటిన్ మాటకు నిద్ర తెచ్చేది అని అర్థం. వాసనను బట్టి ఒకరు, గుణాన్ని బట్టి ఇంకొకరు పేరు పెట్టారు. రెండోవాళ్లు అసలు సంగతికి దగ్గరగా ఉన్నారు. ఇప్పటిదాకా జరిగిన పరీక్షల్లో కాస్త గట్టిగా కనిపించే లాభాల్లో నిద్ర ఒకటి.

ఒంట్లో జరిగేది ఇదీ. భయమో, కలతో కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి, అక్కడి నుంచి మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు వెళుతుంది. అవి కార్టిసాల్‌ను వదులుతాయి. పొద్దున లేచే వేళకు ఇది ఎక్కువగా, రాత్రి పడుకునే వేళకు బాగా తక్కువగా ఉండాలి. నెలల తరబడి రంది పట్టుకున్న మనిషిలో ఆ లయ చెడుతుంది. పడుకోవాల్సిన వేళ ఒళ్లు మేల్కొనే ఉంటుంది. అశ్వగంధ వేరులోని విథనోలైడ్లు అనే పదార్థాలు ఈ గొలుసును నెమ్మదింపజేస్తాయని పరిశోధకుల అంచనా. హైదరాబాద్‌లో చేసి 2012లో ప్రచురించిన ఒక పరీక్షలో 64 మంది పాల్గొన్నారు. సగం మందికి వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, మిగతా సగానికి మందులేని గొట్టాలు (క్యాప్సూళ్లు) 60 రోజులు ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్ల రక్తంలో కార్టిసాల్ దాదాపు 28 శాతం తగ్గింది, మందులేని గొట్టాలు మింగినవాళ్లలో 8 శాతం దాకా. ఏ మందూ లేని గొట్టం మింగినా అంతో ఇంతో తగ్గిందన్న సంగతిని మాత్రం ప్రకటనలు చెప్పవు. ఆ తర్వాత ఇలాంటివి చాలా జరిగాయి. ఎక్కువ భాగం చిన్నవే, రెండు మూడు నెలలకు మించనివే. చాలావాటికి సారం తయారుచేసే కంపెనీల తోడ్పాటు కూడా ఉంది. అన్నిటినీ తూచి చూసిన అంతర్జాతీయ మానసిక వైద్యుల బృందం ఒకటి 2022లో ఆందోళన జబ్బుకు రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాముల వేరు సారాన్ని తాత్కాలికంగా సిఫార్సు చేసింది. ఆ సారంలో 5 శాతం విథనోలైడ్లు ఉండాలంది. ఇది తీసిపారేయాల్సిన సిఫార్సు కాదు, తాత్కాలికం అన్న మాటను మరిచిపోవాల్సిందీ కాదు.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి వేయాలి. 300 మిల్లీగ్రాముల సారంలో 5 శాతం అంటే 15 మిల్లీగ్రాముల విథనోలైడ్లు. మామూలు వేరు చూర్ణంలో ఇవి సాధారణంగా ఒక శాతంలోపే. అర శాతం అనుకుంటే 15 మిల్లీగ్రాములకు 3 గ్రాముల పొడి కావాలి, అంటే దాదాపు ఒక చెంచా. సంప్రదాయంగా పాలల్లో కలుపుకొమ్మనే మోతాదు కూడా 3 నుంచి 6 గ్రాములే కాబట్టి పాత వైద్యులు ఊరికే చెప్పలేదని తెలుస్తుంది. చిక్కంతా రెండూ కలిసినప్పుడే. అన్న హైదరాబాద్ నుంచి గొట్టాల డబ్బా తెస్తాడు, అమ్మ చూర్ణం కొంటుంది, పొద్దున తాగే ఏ బలం పొడిలోనో అశ్వగంధ ముందే కలిసి ఉంటుంది. ఒక్క మనిషి మూడు దారుల్లో ఒకే వేరును తింటున్న సంగతి ఇంట్లో ఎవరూ గమనించరు.

ఇప్పుడు పరకాల దిక్కు ఒక ఇంటిని ఊహించుకుందాం. నాలుగెకరాల్లో పత్తి, ఎకరంలో మిరప. నాయనకు షుగర్, అమ్మకు థైరాయిడ్. పెద్ద కొడుకు సౌదీలో, కోడలు మూడో నెలలో. చిన్నోడు ఇంటర్ రెండో సంవత్సరం. కోడలు తన కోసం తెచ్చుకున్న డబ్బా ఇది అనుకుందాం. ‘జర పాలల్ల కలుపుకొని తాగుండ్రి అత్తమ్మా, మంచిగ నిద్ర వడ్తది’ అని ప్రేమగానే అందిస్తుంది.

అమ్మ సంగతి ముందు. ఆమె ఏళ్లుగా పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్ గోళీ వేసుకుంటుంది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. థైరాయిడ్ కొద్దిగా మందగించిన 50 మందితో 8 వారాలు చేసిన ఒక పరీక్షలో ఇది కనిపించింది. గోళీ ఒకవైపు, వేరు ఒకవైపు పెంచితే హార్మోన్ హద్దు దాటొచ్చు. అప్పుడు కనిపించేవి గుండె దడ, చేతుల వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం. వీటిని చూసి ఆమె ఏమనుకుంటుంది? బుగులు ఎక్కువైందనుకుంటుంది. ఇంకో అర చెంచా కలుపుకుంటుంది. మూలికలతో వచ్చే చిక్కుల్లో ఇంతకన్నా జిత్తులమారిది లేదు. మందు చేసిన కీడు అచ్చం జబ్బు మొహమే పెట్టుకొని వస్తుంది.

నాయన విషయంలోనూ ఇదే తంతు. షుగర్ గోళీలకు తోడు అశ్వగంధ, తులసి, తిప్పతీగ వంటివి చేరితే చక్కెర ఉండాల్సినదానికన్నా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, చిరాకు, కాళ్లలో సత్తువ లేకపోవడం. పొలం కాడ ఎండలో ఇలా జరిగితే రందితోనే సొమ్మసిల్లాడనుకుంటారు. నాయనకు సాయంత్రం కల్లు అలవాటుంటే లెక్క ఇంకా మారుతుంది. ఉత్తర తెలంగాణలో కల్తీ కల్లు కొత్త కథేమీ కాదు. ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు రసాయనాలు కలుపుతున్నారని ఏళ్లుగా పట్టుబడుతూనే ఉన్నాయి. అశ్వగంధ నిద్ర మందుల మత్తును పెంచగలదు. దానికన్నా ప్రమాదం ఇంకొకటుంది. రోజూ అలాంటి కల్లు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, నిద్ర పట్టకపోవచ్చు, మాట తీరు మారిపోయి వింతగా ప్రవర్తించవచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని మనాది అనుకొని చూర్ణం కలిపి ఇస్తే విలువైన గంటలు పోతాయి. అది ఆస్పత్రిలో చూడాల్సిన స్థితి.

కోడలి విషయంలో మాట పొడిగించాల్సిన పని లేదు. కడుపుతో ఉన్నప్పుడు అశ్వగంధ వద్దు. గర్భస్రావం భయం ఉందన్న హెచ్చరిక చాలా చోట్ల కనిపిస్తుంది. డబ్బా ఆమెదే కావడం ఈ ఇంటి కథలో విచిత్రం.

చిన్నోడికి తల్లిదండ్రులు ఇచ్చేది సాధారణంగా బ్రాహ్మి. ఇక్కడ పేర్ల గందరగోళం ఒకటుంది. బ్రాహ్మి పేరుతో రెండు మొక్కలు అమ్ముతారు. చిన్న గుండ్రటి ఆకులతో నేలమీద పాకే సరస్వతి ఆకు ఒకటి. తడి నేలలో పెరిగే, కండగల చిన్న ఆకుల నీటి బ్రాహ్మి ఇంకొకటి. జ్ఞాపకశక్తి మీద ఎక్కువ పరీక్షలు జరిగింది రెండోదాని మీద, బకోపా అన్న శాస్త్రీయ నామంతో. వాటిలో కొద్దిపాటి మేలు కనిపించింది, కానీ దాదాపు 12 వారాలు వాడాక. ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి నెలాఖరులోనో, మార్చిలోనో మొదలవుతాయి. సంక్రాంతి సెలవుల తర్వాత కొన్న డబ్బా ఆ పరీక్షలకు అందదు. పైగా దానికి బాగా తెలిసిన చికాకు కడుపు నొప్పి, విరేచనాలు. మందు పని మొదలుపెట్టకముందే పిల్లాడు హాల్‌టికెట్ చేతిలో పట్టుకొని బాత్రూం చుట్టూ తిరగడం మొదలవుతుంది. సారస్వతారిష్టం తాగించే ఇళ్లూ ఉన్నాయి. అరిష్టాలన్నీ పులియబెట్టి చేసేవి, వాటిలో సహజంగా పుట్టిన సారా ఉంటుందని సీసా మీదే రాసి ఉంటుంది, చదివితే.

కాలేయం గురించి వేరుగా చెప్పాలి. అశ్వగంధ తీసుకున్నాక కామెర్లు వచ్చిన ఐదుగురి వివరాలు ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు 2020లో ప్రచురించారు. మొదలుపెట్టిన 2 నుంచి 12 వారాల్లో లక్షణాలు కనిపించాయి, మానేశాక కొన్ని నెలల్లో నలుగురు కోలుకున్నారు, ఐదో మనిషి తర్వాత సంగతి వైద్యులకు తెలియలేదు. అరుదైనదే, కానీ ఒట్టి పుకారు కాదు. 2023లో డెన్మార్క్ అశ్వగంధను నిషేధించింది. మన దగ్గర ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో అశ్వగంధ ఆకులు వాడొద్దని తయారీదారులకు సూచించింది, వేరును మాత్రమే వాడాలంది. ఆకు చవక, వేరు ఖరీదు. పొడి చేశాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. డబ్బా మీద వేరు అన్న మాట ఉందో లేదో వెతకాల్సింది ఇందుకే.

తిప్పతీగ కథ కూడా ఇలాంటిదే. కరోనా ఏళ్లలో వేపచెట్టుకు అల్లుకున్న తీగ కనిపిస్తే చాలు, కోసి కషాయం కాచారు. 2020 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మధ్య ముంబైలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్టు అక్కడి వైద్యులు రాశారు. ఆ మొక్క తిప్పతీగేనని వాళ్లు నిర్ధారించుకోలేదని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. రెండువైపులా నిజం కొంత ఉంది. తిప్పతీగకు దగ్గరి జాతి ఒకటి కాండం నిండా బుడిపెలతో ఉంటుంది, కోసేవాళ్లు పొరబడటం తేలిక. అయితే అసలు తిప్పతీగ కూడా రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి, ఆ వ్యవస్థే సొంత ఒంటిమీద దాడి చేసే లోపం లోపల దాగి ఉన్నవాళ్లలో కాలేయానికి చేటు చేయవచ్చు. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగుకు తిరగడం, ఒళ్లంతా దురద కనిపిస్తే కషాయం ఆపి రక్త పరీక్ష చేయించుకోవాలి. అతిమధురం రక్తపోటును పెంచుతుంది, బీపీ గోళీలు వాడే నాయనమ్మకు దగ్గు తగ్గాలని రోజూ ఇవ్వకూడదు. రోజుకో కప్పు తులసి టీతోనో, పప్పులో వేసిన సరస్వతి ఆకుతోనో మామూలు మనిషికి పెద్ద భయం అక్కర్లేదు. తిండి మోతాదు వేరు, మందు మోతాదు వేరు.

మరి దేనికీ పనికిరావా? పనికొస్తాయి. ఎవరికి, ఎంతకాలం అన్నదే ప్రశ్న. ఇతర జబ్బులు, గోళీలు లేని మనిషికి నిద్ర పట్టక, మనసు కుదురు లేక రెండు నెలలు అశ్వగంధ వేరు వాడి చూడటం అర్థమున్న పనే. కానీ ఆ నిద్ర ఎందుకు చెడిందో చూడకుండా వేరు మీద భారం వేయడంలో న్యాయం లేదు. జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల దిక్కు గల్ఫ్ ఇళ్లలో రాత్రి ఎలా గడుస్తుందో చూస్తే చాలు. సౌదీలో డ్యూటీ దిగి, వండుకొని తిని కొడుకు ఫోన్ చేసేసరికి అక్కడ రాత్రి 9, ఇక్కడ పదకొండున్నర. తల్లి తొమ్మిదింటికే పాలల్లో చూర్ణం కలుపుకొని తాగి, నిద్ర ఆపుకొని వీడియో కాల్ కోసం కూర్చుంటుంది. మాట్లాడాక కంటిమీద కునుకు రాదు. పొద్దున ఐదింటికి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, పొద్దంతా నాలుగైదు కప్పుల చాయ్‌తో నెట్టుకొస్తుంది. చాయ్‌లోని కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం చాయ్ మానేసి, వారంలో నాలుగు రోజులు ఫోన్‌ను పొద్దుటి వేళకు మార్చుకుంటే వచ్చే మేలు ఏ గొట్టంతోనూ రాదు. కొడుకు డ్యూటీ టైం ఆయన చేతిలో ఉండదు, అది వేరే సంగతి.

రాత్రి పాలు కలుపుకొని పొయ్యి పక్కన ఇద్దరు కలిసి కూర్చునే ఆ పది నిమిషాలకు కూడా ఫలితంలో వాటా ఉంటుంది. టీవీ ఆగుతుంది, అత్తాకోడళ్లు నాలుగు మాటలు మాట్లాడుకుంటారు. మందులేని గొట్టాలు మింగినవాళ్లలోనూ కార్టిసాల్ తగ్గిన సంగతి ఇక్కడ గుర్తుకొస్తుంది.

రందికి కారణం ఒంట్లో కాక చేనులో ఉన్న సందర్భాలూ ఉంటాయి. 2021–22లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసింది. ఆ యాసంగిలో వరంగల్, ఖమ్మం దిక్కు రైతుల కార్టిసాల్ పెరిగిందంటే అది లోపం కాదు, ఒళ్లు సరిగ్గా పనిచేస్తోందని గుర్తు. అప్పు వాయిదా, పంట నష్ట పరిహారం, కౌలు తగ్గింపు గురించి కూర్చొని మాట్లాడాల్సిన చోట చూర్ణం మాటకు చోటు లేదు. మనిషి మాట తగ్గించి, తిండి మాని, ఇక ఎందుకీ బతుకు అన్న మాట నోటివెంట వస్తే అది మూలికల దశ దాటిపోయింది. ఆ రోజే పురుగుమందు డబ్బాలు తాళం వేసి ఇంటికి దూరంగా పెట్టాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ నంబర్ 14416కు ఏ గంటకైనా ఉచితంగా చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మూలికే వాడదలచుకుంటే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆస్పత్రి ఇదే ఊళ్లో ఉంది. వాడుతున్న గోళీల చీటీ వెంట తీసుకెళ్లి చూపించాకే మొదలుపెట్టడం మేలు. ఆపరేషన్ ఏదైనా ఉంటే రెండు వారాల ముందే ఆపాలి, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

ఇంట్లో చేయగలిగిన పని ఒకటి ఉంది, ఖర్చు మార్కర్ పెన్ను అంతే. డబ్బా కొన్న రోజు మూత మీద వాడబోయే ఒక్క మనిషి పేరు, మొదలుపెట్టిన తేదీ, దానికి ఎనిమిది వారాల తర్వాతి తేదీ రాయాలి. పసుపు, జీలకర్ర పక్కన కాకుండా గోళీల డబ్బాతో కలిపి పెట్టాలి. రెండో తేదీ నాటికి నిద్ర కుదిరిందా లేదా అని ఆ మనిషినే అడగాలి. కుదరకపోతే ఇంకో డబ్బా కొనక్కర్లేదు.